పులియబెట్టనక్కరలేని రొట్టె: పుల్లని మజ్జిగ, చిటికెడు సోడాతో ఇంటి బ్రెడ్డు

జ్వరం తగ్గి లేచినవారికి పాలలో బ్రెడ్డు ముక్క నాన్చి ఇవ్వడం తెలుగు పల్లెలలో చిరకాలంగా ఉన్న అలవాటు. అయితే సరిహద్దు గ్రామాలలో ఆ బ్రెడ్డు పట్టణం నుండి బస్సులో రావలసినదే. వచ్చేసరికి అది ఎన్నాళ్ళ క్రితం కాల్చినదో, అందులో ఏమేమి కలిపినారో ఇంటివారికి తెలియదు. ఇంట్లోనే చేసుకుందామనుకుంటే ఈస్ట్ దొరకదు. దొరికినా పిండిని గంటల తరబడి నానబెట్టి, పొంగనిచ్చి, మళ్ళీ మర్దించే తీరిక పొలం పనులున్న ఇళ్ళలో ఉండదు. ఈ రెండు ఇబ్బందులూ లేని రొట్టెలు కొన్ని ఉన్నాయి. వాటికి ఈస్ట్ అక్కరలేదు, కోడిగుడ్డు అక్కరలేదు, పొంగడానికి నిరీక్షణ అక్కరలేదు. పిండి కలిపిన పది నిమిషాలలో పొయ్యిమీదకు చేరి, గంటలోపల తయారయ్యే ఈ రొట్టెలను పాశ్చాత్యులు క్విక్ బ్రెడ్ అంటారు. తెలుగులో సత్వర రొట్టెలు అనుకోవచ్చు.

ఈ రొట్టె పుట్టుక

పిండిని ఈస్ట్ లేకుండా పొంగించే ప్రయత్నాలు అమెరికాలో పద్దెనిమిదవ శతాబ్దం చివరినాటికే కనిపిస్తాయి. కట్టెల బూడిద నుండి తీసిన ఒక క్షారాన్ని అక్కడి గృహిణులు పిండిలో కలిపేవారు. 1796లో అమీలియా సిమన్స్ ప్రచురించిన వంటల పుస్తకంలో ఈ క్షారం వాడకం ఉన్నది. అటు పిమ్మట 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే రసాయనజ్ఞుడు, ఈస్ట్ సరిపడని తన భార్య కోసం బేకింగ్ పౌడరును రూపొందించాడు. 1846లో అమెరికాలో ఆస్టిన్ చర్చ్, జాన్ డ్వైట్ అనే ఇద్దరు వంట సోడాను పొట్లాలు కట్టి అమ్మడం ప్రారంభించారు.

ఈ సోడాను నిత్యాహారంగా మలచుకున్నది మాత్రం ఐర్లండు పల్లె ప్రజలు. అక్కడి చల్లని తేమ వాతావరణంలో పండే మెత్తరకం గోధుమ ఈస్ట్‌తో పెద్దగా పొంగదు. ఇంటింటా పాడి ఉండటం వలన వెన్న తీయగా మిగిలిన పుల్లని మజ్జిగకు కొదువ లేదు. 1830 దశకం నుండి సోడా చౌకగా దొరకసాగింది. పిండి, మజ్జిగ, సోడా, ఉప్పు, ఈ నాలుగింటితో వారు రోజూ రొట్టె కాల్చుకునేవారు. పొయ్యిగూడు లేని ఇళ్ళలో బాస్టిబుల్ అనే ఇనుప పాత్రలో పిండిముద్దను ఉంచి, మూతమీద కూడా నిప్పులు పోసేవారు.

మూతమీద నిప్పులు అనగానే తెలుగువారికి దిబ్బరొట్టె గుర్తుకు రాక మానదు. గోదావరి తీరాన, యానాం పరిసరాలలో మినపరుబ్బును మందపాటి మూకుడులో పోసి, పైన పళ్ళెం మూసి దానిమీద నిప్పులుంచి కాల్చే పద్ధతి పెద్దలకు తెలిసినదే. ఒడిశాలో రజ పండుగనాడు చేసే పొడపిఠా కూడా ఈ కోవలోనిదే. బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారికి దాని రుచి కొత్త కాదు. కనుక కింద, పైన సమంగా వేడి తగిలేలా నిదానంగా కాల్చడమనే విద్య మన వంటిళ్ళకు పరాయిది కాదు.

పొంగడంలోని మర్మం

వంట సోడా క్షారగుణం కలది. మజ్జిగలో పులుపునిచ్చే ఆమ్లం ఉన్నది. ఈ రెండూ తడిలో కలియగానే బొగ్గుపులుసు వాయువు బుడగలుగా వెలువడుతుంది. ఆ బుడగలు పిండిలో చిక్కుకొని దానిని ఉబ్బిస్తాయి. అంతలో వేడి తగిలి పిండి గట్టిపడితే, బుడగలున్న చోట గుల్లలు మిగిలి రొట్టె మెత్తగా వస్తుంది. ఈస్ట్ గంటల తరబడి చేసే పనిని సోడా క్షణాలలో చేస్తుంది.

ఇందులో నుండి మూడు నియమాలు పుడతాయి.

మొదటిది, ఆలస్యం పనికిరాదు. తడి తగిలిన క్షణం నుండే వాయువు పుట్టి పోతుంటుంది. కనుక పొయ్యి, పాత్ర ముందుగా వేడెక్కి సిద్ధంగా ఉండాలి. ఆ తరువాతనే పిండిలో మజ్జిగ పోయాలి.

రెండవది, పులుపు తప్పనిసరి. పులుపు చాలకపోతే మిగిలిపోయిన సోడా వేడికి మారి సబ్బు రుచిని, పసుపుపచ్చని మచ్చలను ఇస్తుంది. తియ్యని తాజా పెరుగు కన్న నిన్నటి పుల్లని పెరుగే ఇందుకు మేలు. మజ్జిగ లేనప్పుడు కప్పు పాలలో ఒక పెద్ద చెంచా నిమ్మరసం కలిపి ఐదు నిమిషాలు ఉంచితే చాలు.

మూడవది, ఎక్కువగా మర్దించరాదు. గోధుమపిండిలోని మాంసకృత్తులు తడిలో కలిసి గ్లూటెన్ అనే సాగుడు పదార్థంగా మారతాయి. చపాతీకి, ఈస్ట్ బ్రెడ్డుకు ఈ సాగుడు అవసరం. సోడా రొట్టెకు అదే శత్రువు. చపాతీపిండి పిసికినట్లు పిసికితే రొట్టె రాయివలె వస్తుంది. పొడిపిండి కనబడకుండా కలిస్తే చాలును.

బేకింగ్ పౌడరు వేరు, వంట సోడా వేరు అన్న సంగతి కూడా గమనించాలి. బేకింగ్ పౌడరులో సోడాతోపాటు పొడిగా ఉన్న ఆమ్లం, కొంత గంజిపిండి ముందే కలిసి ఉంటాయి. అందుచేత దానికి వేరే పులుపు అక్కరలేదు. ఒక చెంచా బేకింగ్ పౌడరు చేసే పనికి పావు చెంచా సోడా, అరకప్పు పుల్లని మజ్జిగ సరిపోతాయి.

పెనంమీద నాలుగు పలకల రొట్టె

మొదటిసారి ప్రయత్నించేవారు దీనితో ప్రారంభించడం మంచిది. ఉత్తర ఐర్లండులో దీనిని ఫార్ల్ అంటారు. నాలుగవ భాగమని ఆ మాటకు అర్థం. దీనికి ఓవెన్ అవసరమే లేదు.

కావలసినవి: గోధుమపిండి 250 గ్రాములు (సుమారు రెండు కప్పులు), వంట సోడా అర టీచెంచా, ఉప్పు అర టీచెంచా, పుల్లని మజ్జిగ సుమారు 200 మిల్లీలీటర్లు. మజ్జిగ పలుచగా కాక, గరిటె జారుగా చిక్కగా ఉండాలి.

మందపాటి ఇనుప పెనాన్ని సన్నని మంటమీద ఉంచాలి. సోడాలో ఉండలుంటే నలిపి, పిండి, ఉప్పులతో కలిపి రెండుసార్లు జల్లించాలి. మధ్యలో గుంట చేసి మజ్జిగ పోసి, చేతివేళ్ళతో గుండ్రంగా కలుపుతూ ముద్దకు తేవాలి. తిరగటి గోధుమపిండి ఎక్కువ తడి పీల్చుకుంటుంది కనుక అవసరమైతే మరి రెండు మూడు చెంచాల మజ్జిగ పోసుకోవచ్చు. ముద్ద చపాతీపిండి కన్న మెత్తగా, చేతికి కొద్దిగా అంటుకునేలా ఉండాలి. పొడిపిండి చల్లిన పీటమీద దానిని ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన గుండ్రంగా ఒత్తి, నాలుగు పలకలుగా కోయాలి.

పెనంమీద నూనె వేయకుండా కొద్దిగా పొడిపిండి చల్లి పలకలను పరచాలి. సన్నని మంటమీద ఒక్కొక్క వైపు ఏడెనిమిది నిమిషాలు కాలనివ్వాలి. చివరకు అంచులను కూడా పెనానికి ఆనించి నిలబెట్టి కాల్చాలి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు వెన్న రాసుకొని తిన్నా, పప్పులోనికి తిన్నా బాగుంటుంది. గ్యాసు ఖర్చు చూసుకునే ఇళ్ళకు ఇది అన్నిటికన్న అనువైనది.

గుండ్రని సోడా రొట్టె

కొలతలు పైవే. ముద్దను పలుచగా ఒత్తక, జానెడు కన్న తక్కువ వెడల్పున, మూడు వేళ్ళ ఎత్తున గుండ్రంగా చేయాలి. పైన కత్తితో కూడికగుర్తువలె లోతుగా రెండు గాట్లు పెట్టాలి. ఆ గాట్ల వెంట వేడి మధ్యకు చేరుతుంది. అవి లేకపోతే నడిమి భాగం ఉడకదు.

విద్యుత్ ఓవెన్ ఉన్నవారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో 35 నుండి 40 నిమిషాలు కాల్చుకోవచ్చు. అది లేనివారు ఇసుక పాత్ర పద్ధతిని అనుసరించవచ్చు. మందపాటి ఇనుప లేక అల్యూమినియం పాత్రలో కడిగి పూర్తిగా ఎండబెట్టిన ఇసుకను అంగుళం ఎత్తున పోయాలి. ఇసుక బదులు రాతి ఉప్పు వాడవచ్చు. దానిమీద ఒక కుదురు ఉంచి, బిగువైన మూత పెట్టి మధ్యస్థమైన మంటమీద పదిహేను నిమిషాలు వేడిచేయాలి. తరువాత నూనె రాసి పిండి చల్లిన గిన్నెలో రొట్టె ముద్దను ఉంచి, ఆ గిన్నెను కుదురుమీద నిలపాలి. గిన్నె చుట్టూ గాలి తిరిగేందుకు రెండు వేళ్ళ ఖాళీ ఉండాలి. మొదటి పది నిమిషాలు మధ్యస్థమైన మంట, ఆ పిమ్మట సన్నని మంట చొప్పున మొత్తం 45 నుండి 55 నిమిషాలు పడుతుంది. తొలి అరగంటలో మూత తీయరాదు. కట్టెల పొయ్యి ఉన్నవారు మూతమీద నిప్పులు పోస్తే పైభాగం కూడా ఎర్రబడుతుంది. గ్యాసు పొయ్యిమీద చేసినప్పుడు పైభాగం తెల్లగానే ఉంటుంది. అది లోపం కాదు.

పుల్లను గుచ్చి తీస్తే పచ్చిపిండి అంటకుండా రావాలి. రొట్టెను తిరగేసి అడుగున వేలితో తట్టితే డొల్ల శబ్దం వినిపించాలి. ఈ రెండు గుర్తులూ కలిస్తే రొట్టె కాలినట్లే. దించిన వెంటనే కోయక అరగంట ఆరనివ్వాలి. లోపలి ఆవిరి కుదురుకోకముందే కోస్తే ముక్కలు జిగురుగా వస్తాయి.

పాత్రల విషయంలో జాగ్రత్త

ప్రెషర్ కుక్కరును ఇందుకు వాడేవారు చాలామంది ఉన్నారు. అయితే కుక్కరును నీరు లేకుండా వేడిచేయరాదన్నది తయారీదారుల సాధారణ హెచ్చరిక. పాత కుక్కరును తప్పనిసరిగా వాడదలచినవారు రబ్బరు వాచరును, విజిలును ముందుగా తీసివేయాలి. వాటితో బిగించి ఖాళీ కుక్కరును వేడిచేయడం ప్రమాదకరం. కళాయి పూసిన ఇత్తడి పాత్రలు అసలు పనికిరావు. కళాయిలోని తగరం 232 డిగ్రీల వద్ద కరుగుతుంది. ఎండు పాత్ర అడుగు ఆ వేడికి చేరడం కష్టమేమీ కాదు. నాన్‌స్టిక్ పూత ఉన్న పాత్రలను కూడా ఖాళీగా వేడిచేయరాదు.

రాగి, జొన్న కలిపిన రొట్టె

కోలారు, హోసూరు ప్రాంతాలలో రాగి, బళ్ళారి, షోలాపురం ప్రాంతాలలో జొన్న ఇంటి గాదెలలోనే ఉంటాయి. వీటిలో గ్లూటెన్ లేదు. కనుక ఒక్క రాగిపిండితోనో జొన్నపిండితోనో చేస్తే బుడగలను పట్టి ఉంచే శక్తి లేక రొట్టె పొడిపొడిగా రాలిపోతుంది. మూడింట రెండు పాళ్ళు గోధుమపిండి, ఒక పాలు రాగి లేక జొన్నపిండి కలిపితే రుచి, మెత్తదనం రెండూ నిలుస్తాయి. జొన్నపిండిని వాడేవారు మజ్జిగలో సగం గోరువెచ్చగా చేసి, ముందు ఆ పిండిని అందులో పది నిమిషాలు నానబెట్టడం మంచిది. గోధుమపిండి, సోడా, ఉప్పు, తక్కిన మజ్జిగ ఆ పిమ్మట చేర్చాలి. నువ్వులు, వాము, సన్నగా తరిగిన ఉల్లికాడలు చేర్చితే కూర లేకుండానే తినవచ్చు.

అరటిపండు, బెల్లం రొట్టె

తొక్క నల్లబడి ఎవరూ తినని అరటిపండ్లు దీనికి శ్రేష్ఠం. బాగా పండిన మూడు పండ్లను మెత్తగా చిదమాలి. నూరు గ్రాముల బెల్లం తురుము, పావుకప్పు నూనె, పావుకప్పు పుల్లని పెరుగు అందులో కలపాలి. వేరొక గిన్నెలో ఒకటిన్నర కప్పుల గోధుమపిండి, అర టీచెంచా సోడా, చిటికెడు ఉప్పు, రెండు యాలకుల పొడి కలిపి జల్లించాలి. తడి మిశ్రమాన్ని పొడిలో పోసి గరిటెతో పది పన్నెండుసార్లు కలియబెట్టి, నూనె రాసిన గిన్నెలో సగం కన్న కొంచెం పైవరకు పోయాలి. ఓవెనులో 180 డిగ్రీల వద్ద 45 నుండి 50 నిమిషాలు, ఇసుక పాత్రలో సుమారు గంటసేపు పడుతుంది. బెల్లం త్వరగా మాడే గుణం కలది కనుక మంట ఎప్పుడూ సన్నగానే ఉండాలి. బెల్లంలో ఇసుక, నలకలు ఉంటే ముందుగా రెండు చెంచాల నీటిలో కరిగించి వడగట్టుకొని, చల్లార్చి కలపాలి.

రొట్టె చెడిందంటే కారణమేమి?

సబ్బు రుచి వచ్చిందంటే సోడా ఎక్కువైనది, లేక పెరుగులో పులుపు చాలలేదు. గట్టిగా వచ్చిందంటే ఎక్కువగా మర్దించినారు, లేక తడి తక్కువైనది. పొంగలేదంటే కలిపిన పిండి పొయ్యి ఎక్కడానికి ఆలస్యమైనది, లేక సోడా పాతబడింది. అడుగు మాడి నడుమ పచ్చిగా ఉన్నదంటే మంట పెద్దదైనది. గోధుమరంగు మచ్చలు, చేదు కనబడితే సోడా ఉండలు చిదమలేదని అర్థం.

సోడా పనిచేస్తుందో లేదో తెలుసుకోవడం సులభం. అర చెంచా సోడామీద నిమ్మరసం పిండితే బుసబుసమని పొంగాలి. బేకింగ్ పౌడరైతే వేడినీటిలో వేస్తే పొంగాలి. పొంగనిచో దానిని వంటకు వాడరాదు.

అంగడిలో ఏ పేరుతో అడగాలి?

సరిహద్దు కుటుంబాలకు ఉన్న ప్రత్యేకమైన చిక్కు ఇది. ఇంట్లో మాట తెలుగు, అంగడిలో పొట్లంమీది లిపి వేరు. వంట సోడాను కర్ణాటకలో అడుగె సోడా అనీ, తమిళనాట ఆప్ప సోడా అనీ, మహారాష్ట్రలో ఖాణ్యాచా సోడా అనీ, ఒడిశాలో ఖాయిబా సోడా అనీ అడగాలి. గోధుమపిండి కన్నడంలో గోధి హిట్టు, తమిళంలో కోదుమై మావు, మరాఠీలో గవ్హాచే పీఠ్, ఒడియాలో గహమ అటా.

పేరు తెలియడం కేవలం సౌకర్యం కోసం కాదు. బట్టలుతికే సోడా కూడా చూడటానికి తెల్లని పొడిగానే ఉంటుంది. మరాఠీలో తినేది ఖాణ్యాచా సోడా, ఉతికేది ధుణ్యాచా సోడా. తొందరలో చెవికి ఈ రెండూ ఒక్కటిగా వినిపించవచ్చు. ఉతికే సోడా వంట సోడా కన్న చాలా ఘాటైన క్షారం. కడుపులోకి వెళితే నోటిని, గొంతును గాయపరచగలదు. కాగితంలో కట్టి ఇచ్చే విడి సోడాను రొట్టెకు వాడకపోవడమే క్షేమం. తినే పదార్థం పొట్లంమీద చతురస్రంలో పచ్చని చుక్క గుర్తు, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య ఉంటాయి. లిపి చదవలేనివారు కూడా ఆ గుర్తును, అంకెలను చూసి పోల్చుకోగలరు. ఇంటికి తెచ్చిన తరువాత మూత బిగువుగా ఉండే డబ్బాలో పోసి, తెలుగులో పేరు రాసి, ఉతికే సోడాకు దూరంగా పెట్టుకోవాలి.

ఆరోగ్యం మాట

ఇంట్లో చేసిన రొట్టెలో ఏమున్నదో చేసినవారికి తెలుస్తుంది. ఈ మాట ఎంత విలువైనదో 2016లో బయటపడింది. ఆ సంవత్సరం మే నెలలో ఢిల్లీకి చెందిన విజ్ఞాన పర్యావరణ కేంద్రం బ్రెడ్డు, బన్ను మొదలైన 38 నమూనాలను పరీక్షించగా, 84 శాతంలో పొటాషియం బ్రోమేట్ లేక అయోడేట్ జాడలు కనిపించాయి. పిండి బాగా పొంగడానికి వాడే ఈ పదార్థాలలో బ్రోమేట్ క్యాన్సరుకు కారణం కావచ్చునని అంతర్జాతీయ సంస్థ 1999లోనే వర్గీకరించింది. 2016 జూనులో భారత ఆహార భద్రతా సంస్థ ఆహారంలో దాని వాడకాన్ని నిషేధించింది. ఇంట్లో చేసే సోడా రొట్టెకు ఇటువంటి పదార్థాలతో పనే లేదు.

అయితే ఇంటి రొట్టెకు కూడా హద్దులున్నాయి. అర టీచెంచా సోడాలో సుమారు 600 మిల్లీగ్రాములు, అర టీచెంచా ఉప్పులో సుమారు 1,150 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రొట్టెను ఎనిమిది ముక్కలు చేస్తే ముక్కకు 220 మిల్లీగ్రాములు పడుతుంది. పెద్దవారికి రోజుకు 2,000 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు సగానికి తగ్గించి, వైద్యుని సలహాతో తినాలి. మధుమేహం ఉన్నవారు గోధుమరొట్టె అని హద్దు మీరరాదు. అది కూడా పిండిపదార్థమే. గోధుమ సరిపడనివారికి ఈ రొట్టె పనికిరాదు. మెత్తదనం కోసం సోడా పెంచడం కూడా తగదు. అది రుచిని పాడుచేయడమే కాక పిండిలోని బి1 విటమిన్‌ను కూడా నశింపజేస్తుంది.

సోడా రొట్టె నిలువ ఉండే రొట్టె కాదు. చేసిననాడే రుచి. శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంచితే మరునాటికి కూడా తినవచ్చు, అప్పుడు పెనంమీద వేడిచేసుకుంటే తిరిగి కరకరలాడుతుంది. అరటిపండు రొట్టె రెండు రోజులు నిలుస్తుంది. ఉక్కపోత కాలంలో బూజు త్వరగా పడుతుంది కనుక ఇంటికి సరిపడినంతే చేసుకోవాలి. బూజు ఒక మూల కనిపించినా రొట్టె మొత్తం పారవేయవలసినదే. దాని వేర్లు కంటికి కనబడకుండా లోపలికి వ్యాపించి ఉంటాయి.

పుల్లబడిన పెరుగు, నల్లబడిన అరటిపండు, తిరగటి పట్టించిన ఇంటి గోధుమపిండి, ఇవన్నీ పల్లె ఇంట ఉన్నవే. కొనవలసినది సోడా పొట్లం ఒక్కటే. దానిని పేరు చూసి, గుర్తు చూసి కొని, కొలత తప్పకుండా వేసుకుంటే, బడికి వెళ్ళే పిల్లల డబ్బాలోకీ, మంచంపట్టి లేచిన పెద్దల పాలగిన్నెలోకీ పట్టణం బస్సు కోసం ఎదురుచూడనక్కరలేదు.